బుడిపెల దుప్పటి

పెడన ఇల్లు ఖాళీ చేసి గవర్నర్‌పేటలో అద్దె వాటాకు మారినప్పుడు అత్త మగ్గాన్ని కట్టెల కింద అమ్మించింది నాగవేణే. కొత్తింట్లో చోటు లేదన్నది సాకు. పెళ్ళయిన కొత్తలో అత్త చౌడేశ్వరమ్మ "రావే, పక్కన కూర్చో, నేత నేర్పుతా" అని పిలిచినప్పుడల్లా నాగవేణికి ఏదో ఒక పని గుర్తొచ్చేది. డిగ్రీ చదివిన పిల్లనని టెక్కు మరి.

ఇప్పుడు చౌడేశ్వరమ్మకు చూపు పూర్తిగా పోయింది. రోజంతా మంచం మీద కూర్చుని చీర కొంగు తడుముకుంటుంది. ఆ వేళ్ళను చూస్తే నాగవేణికి మనసు చివుక్కుమనేది. తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. తడిమితే పువ్వులు తెలిసే దుప్పటి అల్లి ఇస్తే, అదే చెప్పినట్టవుతుందనుకుంది.

కింది వాటాలో అమలమ్మ లేసులు అల్లుతుంది. ఆవిడ దగ్గర కొక్కెం సూది పట్టింది నాగవేణి. ఒకే కంతలో అయిదుసార్లు దారం లాగి, అయిదింటినీ కలిపి ముడేస్తే శనగగింజంత బుడిపె లేవాలి. అలాంటివి గుండ్రంగా చేరితే ఒక పువ్వు. లేస్తేగా.

"అంత బిగించకండి. దారాన్ని కాస్త వదలండి," అనేది అమలమ్మ.

వదలడం చేతికి రావడానికి నెల పట్టింది. దుప్పటికి మరో మూడు నెలలు. ఒళ్ళో పెట్టి ఆశ్చర్యపరచాలని అత్తకు మాటైనా చెప్పలేదు. చివరి వరస అయిన రోజు, కొస ఎలా ముడెయ్యాలో అడగడానికి దుప్పటిని అత్త మంచం మీదే వదిలి కిందికి వెళ్ళింది. అమలమ్మ చర్చి నుంచి వచ్చేసరికి గంట దాటింది.

పైకి వచ్చేసరికి దుప్పటి సగమే ఉంది. చౌడేశ్వరమ్మ ఒళ్ళో పెద్ద దారపుండ.

నేతగాళ్ళ ఇంట బట్ట మగ్గం దిగాక పెద్దవాళ్ళ అరచెయ్యి దాని మీద నడవాలి. ఎక్కడ దారం ఉండకట్టి తగిలితే అక్కడిదాకా విప్పాలి. వాళ్ళింట్లో యాభై ఏళ్ళు ఆ చెయ్యి చౌడేశ్వరమ్మదే.

"నువ్వు అల్లిందేనా ఇది? అంతా ఉండలు కట్టిందే. బయటోళ్ళు చూస్తే నవ్వుతారని విప్పేస్తన్నా," అంది. ఆ ముఖంలో అంత కళ నాగవేణి ఏళ్ళ తరబడి చూడలేదు.

అవి ఉండలు కావు, పువ్వులు అన్న మాట నోటిదాకా వచ్చింది. వెనక్కి మింగింది.

"నాకు సరిగ్గా రాలేదు అత్తయ్యా."

"ఎట్టా వచ్చుద్ది? నేను పిలిస్తే ఏనాడన్నా కూర్చున్నావా?" ఆ గొంతులో కోపం లేదు. అదే నాగవేణికి ఎక్కువ బాధగా ఉంది. "ఇప్పుడన్నా కూర్చో. మిగతాది నువ్వు లాగు, నేను చుడతా. రేపు నున్నగా మొదలెడదాం."

నాగవేణి కూర్చుంది. ఏడుపు వినపడకుండా పెదవి బిగబట్టి, తన పువ్వులను ఒక్కొక్కటే తన చేత్తోనే విప్పసాగింది.