గుండుసూది చప్పుడు

ఇంత తేలికగా ఉంటుందనుకోలేదు ఈ వాక్యూమ్ క్లీనరు, నీళ్లు నింపిన ఇత్తడి చెంబు దీనికంటే బరువు, ఎడమచేత్తో ఎత్తినా మణికట్టు వణకలేదు, వెనకాల తీగ లాగేది లేదు, పొద్దున్నుంచి గోడ దగ్గర చార్జింగయ్యి ఎర్రదీపం పచ్చగా మారింది, ఇప్పుడు కరెంటు కోత, రెండింటికి పోతే మళ్లీ నాలుగున్నరకే, వీధిలో ఫ్యాన్లన్నీ ఆగిపోయిన వేళ నా చేతిలో ఇదొక్కటే గుయ్‌మంటోంది, ఎదురింటివాళ్లు ఏమనుకుంటారో, అనుకోనీ, నాలుగింటికి మునిలక్ష్మి ఆటో తీసుకుని వస్తుంది, నా కుట్టుమిషను తీసుకుపోతుంది, అందుకే ఏడు నెలల తర్వాత ఈ గది తలుపు తీశాను, నాన్న ఇచ్చిన మిషనును దుమ్ముతో పంపకూడదు గదా, కుప్పం నుంచి బస్సు టాపు మీద గోనెపట్టా చుట్టుకుని వచ్చింది నా పెళ్లైన నెలకు, పలమనేరులో దించి ఇంకో బస్సు ఎక్కించారు, ఒక్క గీత పడలేదు, దాని పక్కనే ఇప్పుడు దీన్ని నెడుతున్నాను, ముందుకు, వెనక్కి, పీలికలు, సుద్దపొడి, జరీ తుంపులు అన్నీ లోపలికి పోతున్నాయి, అద్దంలాంటి డబ్బాలో గిరగిరా తిరుగుతున్నాయి.

పోయిన ఆదివారం మా ఆయన నరేంద్ర తన విత్తనాల కొట్టుకు సరుకు కోసం బెంగుళూరు పోయి దీన్ని తెచ్చాడు, కుసుమా, దీనికి వంగే పనిలేదు, ఒకచేత్తోనే అయిపోతాది సూడు అన్నాడు, ఆ ఒకచేత్తోనే అన్న మాట ఎక్కడ తగలకూడదో అక్కడ తగిలింది, నేను వంటింట్లోకి వెళ్లిపోయాను, ఆయన అట్టపెట్టె పట్టుకుని చాలాసేపు నడవాలోనే నిలబడ్డాడు, పాపం, మా అత్త సుభద్రమ్మ మాత్రం తిప్పి తిప్పి చూసి గాలిపరకంటమ్మా ఇది, మన పరకకేం రోగమొచ్చిందని అంది, పరక పట్టేది ఆమే గదా, అరవై మూడేళ్ల మనిషి, ఏడు నెలలుగా ఇల్లంతా ఊడ్చేది ఆమే, నేను లేస్తే చాలు, నువ్వు కూసోమ్మా కుసుమా, నేను సూసుకుంటా అంటుంది, ఆ మాటలో విసుగుంటే ఎదురు చెప్పేదాన్ని, లేదు, అంతా ప్రేమే, దానికి ఏమని ఎదురు చెప్పేది, అలా కూర్చుని కూర్చుని ఇంట్లో చుట్టమైపోయాను, ఏడు నెలల కిందట పుంగనూరులో పెళ్లివాళ్లకు పదకొండు జాకెట్లు ఇచ్చి బస్సులో వస్తున్నాను, ఖాళీ సంచీ ఒళ్లో పెట్టుకుని, మలుపులో బస్సు ఒరిగింది, కిటికీ కడ్డీకి కుడి మోచెయ్యి కొట్టుకుంది, తర్వాత ఎవరో సంచీ నా చేతికిస్తే పట్టుకోలేకపోయాను, మూడో ఎక్స్‌రే చూసి డాక్టరు, వేళ్లు కదల్తాయమ్మా, గట్టి పట్టు మాత్రం రాదు అన్నాడు, ఇంటికొచ్చి కత్తెర పట్టుకున్నాను, పడిపోయింది, మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ పడింది, అత్త వచ్చి కత్తెర తీసి బీరువాలో పెట్టేసింది, ఈ గది తలుపు వేసేసింది, మిషను ఇచ్చేస్తానని మునిలక్ష్మికి నేనే కబురు పెట్టాను, నా దగ్గరే నేర్చుకున్న పిల్ల, ఎవరికో ఇచ్చేకంటే నయం గదా అని.

టిక్‌మంది ఏదో, డబ్బాలో, గుండుసూది, వంగి చూడలేదు, తెలిసిపోయింది, ఇంకో చప్పుడు, కొంచెం మొద్దుగా, హుక్కు, దారపు పోగులు పోతున్నప్పుడు చప్పుడుండదు, గుయ్‌మనేది కాస్త బరువెక్కుతుంది అంతే, మిషను కాళ్ల సందులోకి తోశాను, అక్కడ కళ్లకు ఏమీ కనపడదు, అయినా చెప్పగలను, ఇది గుండీ, ఇది సూది విరిగిన ముక్క, నాకెలా తెలుస్తోంది ఇదంతా అనుకుంటూ నిలబడిపోయాను, నాన్న, వరదరాజులు, కుప్పంలో దర్జీ, నాకు పదిహేనేళ్లప్పుడే ఆయన చూపు మసకేసింది, మద్రాసు పోయి చూపించుకున్నా లాభం లేకపోయింది, అంగడి మూసేస్తారని అందరూ అనుకున్నారు, ఆయన గడప పక్కన బల్ల మీద కూర్చుని కత్తెర నా చేతికిచ్చాడు, నేను కత్తిరిస్తుంటే చెవి ఇటు పెట్టి, ఆపు బంగారూ, కత్తెర నలిగినట్ట పలకతాండాది, గుడ్డ మడతపడింది సూడు అనేవాడు, చూస్తే మడత ఉండేది, కుట్టు మీద వేలు పెట్టి నడిపి, చంక కాడ అర అంగుళం దించుంటే బాగుండుగదమ్మా అనేవాడు, నాలుగేళ్లు, నేను కుట్టిన జాకెట్టు ఒక్కటి కూడా ఆయన కళ్లతో చూడలేదు, నాకు వచ్చిందంతా ఆ నాలుగేళ్లలో వచ్చిందే, ఆయన చెయ్యి గుడ్డ కొయ్యలేదు, దారం ఎక్కించలేదు, అయినా అంగడి ఆయనదే, దర్జీ ఆయనే, ఎవరొచ్చినా వరదరాజులు ఉండాడా అనే అడిగేవాళ్లు.

గుయ్‌మనేది సన్నబడి ఆగిపోయింది, బ్యాటరీ అయిపోయింది, కరెంటు వచ్చేదాకా ఇంతే, సగం గది శుభ్రంగా ఉంది, సగం దుమ్ము అలాగే ఉంది, గుమ్మంలో మునిలక్ష్మి, అక్కా, ఆటో నిలబడుండాది అంటోంది, మిషను ఇయ్యను మునిలక్ష్మీ అన్నాను, నా గొంతే నాకు కొత్తగా వినిపించింది, ఆ పిల్ల ముఖం వాడిపోయింది, అట్లంటే ఎట్లక్కా, వచ్చే వారానికి ఏడు జాకెట్లు ఒప్పుకొనుండా, నా మిషను రిపేరొచ్చి మూలన ఉండాది అంది, ఆ ఏడూ ఈడే కుడదువు రా, నువ్వు కుట్టే జాకెట్లకు మెడ జారతాదని నాకు తెలుసు, ఎందుకు జారతాందో కూడా తెలుసు, నువ్వు కత్తిరించు, నేను పక్కన నిలబడి చెప్తా అన్నాను, నీ చెయ్యి, అని మొదలుపెట్టి ఆపేసింది, నా చెయ్యి ఎందుకు, నీకు రెండుండాయి గదా అన్నాను, మునిలక్ష్మి నవ్వింది, నేనూ నవ్వాను, మా మాటలకు అత్త వచ్చింది, కూసోమంటుందేమో అని చూశాను, అనలేదు, గదంతా ఒకసారి చూసి, బీరువా తీసి కత్తెర తెచ్చి మునిలక్ష్మి చేతిలో పెట్టి, ఆటోను పొమ్మనేదానికి బయటికి నడిచింది.

సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాలి, నువ్వు తెచ్చింది మంచి వస్తువయ్యా అని, అది చెప్పకుండా వారం గడిపాను, మునిలక్ష్మి బల్ల మీద ఎర్రగుడ్డ పరిచింది, సుద్ద గీసింది, కత్తెర మొదలైంది, నేను కిటికీ వైపు తిరిగి వింటున్నాను, కరకరమని సాఫీగా పోతోంది, పోతోంది, అక్కడ చిన్నగా మూలిగింది, ఆపు, కింద పొర జరిగింది సూడు అన్నాను, వెనక్కి తిరగకుండానే, అవునక్కా, జరిగుండాది, ఎట్ల కనుక్కుంటివి అంటోంది మునిలక్ష్మి, బల్ల దగ్గరికొచ్చి ఎడమచేత్తో కింద పొర సర్దాను, ఏడు నెలలుగా చేత్తోపాటే పోయిందనుకుని ఏడ్చాను, ఎక్కడికీ పోలేదు, నాకు ఇంకా పని వచ్చు.