టప్పుమన్న కాయ

ఎగుమతి షెడ్డులో నా ఉద్యోగం బీన్స్ విరవడం. నవ్వితే నవ్వండి. ప్రతి రైతు సరుకులోంచి గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాను. టప్పుమంటే పెట్టెల్లోకి, అక్కణ్ణుంచి విమానంలోకి. వంగిందంటే పశువుల మేతకి. ఈ విషయంలో నేను మొండిఘటాన్ని. చుట్టమైనా పరాయివాడైనా నాకొకటే.

నిన్న మా మరిది తెచ్చిన కాయలు వంగాయి.

"నీళ్ళు చాల్లేదు వీటికి," అన్నాను.

"బోరు గాలి కక్కుతోంది వదినా. ఎక్కణ్ణుంచి తేను?"

"అది నాకు చెప్పకు. రేపు ఆఖరి కోత. విరిగితేనే తీసుకుంటాను. వంగితే మరిదివని కూడా చూడను."

తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. మిగిలినవి రెండు మళ్ళే. ఆ కోత కూడా వెనక్కొస్తే షెడ్డువాళ్ళు వచ్చే పంటకి అతనికి విత్తనాలివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇవాళ కాయలు తెచ్చేసరికి అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక కాయ విరిచాను. టప్పుమంది. ఇంకొకటి, ఇంకొకటి. విరిచినచోట బొటనవేలికి తడి అంటింది.

సూపర్‌వైజరు కూడా ఒకటి విరిచి తలూపాడు. "ఇవి వెళ్ళే దేశంలో ఎప్పుడూ వానేనటమ్మా. గొడుగు లేనిదే గడప దాటరట."

"మరి వాళ్ళే పండించుకోవచ్చుగా?"

"ఆ చలికి మొలవవట."

"ఏం మంత్రం వేశావు?" అని మరిదిని అడిగాను. "నీళ్ళు పెట్టాను వదినా," అన్నాడు. సంతోషంలో నేనింకేమీ అడగలేదు.

పరీక్షకి విరిచిన కాయలు మాకే వదిలేస్తారు. సాయంత్రం వాటిని కొంగులో మూటగట్టుకుని ఇంటికొచ్చాను. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది. నేను తెల్లారకముందే షెడ్డుకి పోతాను, టీ నీళ్ళు కూడా అక్కడే. చెంబు ముంచితే తాగే నీళ్ళ డ్రమ్ము అడుగు తగిలి ఖంగుమంది. రెండో డ్రమ్ము మూత తీశాను. అదీ ఖాళీయే. ట్యాంకరు రేపుగాని రాదు, ఇరుగుపొరుగు డ్రమ్ములదీ అదే గతి.

మరిది గుమ్మంలో నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు.

"తాగే నీళ్ళు కూడా పోశావా?"

"నువ్వు పడుకున్నాక బిందెలతో మోశాను. విరిగితేనే తీసుకుంటానన్నావుగా."

నా మీద నాకే ఒళ్ళు మండింది. ఈపాటికి మా డ్రమ్ములు రెండూ విమానమెక్కి ఉంటాయి.

లోపల అత్త అరచేతిలో మాత్ర పెట్టుకుని మంచమ్మీద కూర్చుని ఉంది. కూజాలోవి మధ్యాహ్నానికే అయిపోయాయట. "నీళ్ళేవే?" అంది. మా ఇద్దరి మొహాలూ చూసింది. నా కొంగులోంచి ఒక కాయ తీసి నమిలింది. ఆ రసంతోనే మాత్ర మింగింది.

"నీళ్ళు బాగానే ఉన్నాయి," అంది. "ఇంకోటివ్వు."