మనంలో ఎవరెవరు

ఎముకల డాక్టరు బోర్డు కట్టిన రోజున ఆయన దగ్గరున్న సరుకు పెద్దగా ఏమీ లేదు. చదివిన చదువు, మెత్తని మాట. ఆ మాటలోనూ బాగా చెల్లుబాటైంది ఒక్క ముక్కే: మనం. ‘మనం కట్టు వేసుకుందాం’, ‘మనం బరువులు ఎత్తొద్దు’. విరిగింది రోగి ఎముకే అయినా నొప్పిలో సగం ఈయన భరిస్తున్నట్టుండేది. జనానికి అది నచ్చింది.

చూపుడువేలు విరిగి వచ్చిన టైలరమ్మకు కట్టు విప్పాల్సిన రోజున ఆయన వైద్యుల సంఘం మహాసభలో ఉన్నాడు, ఆహ్వాన కమిటీ పని మీద. ఆమె రెండుసార్లు వచ్చి తాళం చూసి వెళ్ళింది. ఆయన తిరిగొచ్చి విప్పేసరికి వేలు కర్రలా బిగుసుకుపోయింది. కత్తెర పట్టదు.

“మనం ఆలస్యం చేశామమ్మా,” అన్నాడు.

ఆ ముక్క ఆమె పంపిన వకీలు నోటీసులోకి ఎక్కింది.

నోటీసు పట్టుకుని సంఘం ఆఫీసుకు వెళ్తే కార్యదర్శి సన్మానం శాలువాలు ఎంచుతున్నాడు. చదివి నవ్వాడు.

“బతికిపోయారు. మనం అన్నారుగా, నేను అనలేదు. అందులో ఆవిడా ఉంది. ఆవిడే ఆలస్యంగా వచ్చింది. అంతే చెప్పండి.”

“టైముకే వచ్చిందండీ. నేనే ఇక్కడున్నాను, మీ పక్కనే.”

“ఆ సంగతి మిమ్మల్ని ఎవరడిగారు? అలా చెప్తే మాత్రం మా అండ మర్చిపోండి.”

ఇన్నేళ్ళు చందా కట్టింది ఈ సలహాకా అనుకుంటూ మెట్లు దిగాడు.

విచారణ రోజు కోర్టు వరండాలో టైలరమ్మ వకీలు వచ్చి డాక్టరు పక్కన కూలబడ్డాడు. భుజం నొక్కుకుంటూ, “చెయ్యి పైకి లేవట్లేదు డాక్టరుగారూ. ఏం చెయ్యమంటారు?” అన్నాడు.

“చెప్తాను. అది కూడా నోటీసులో పెట్టకండి.”

“మీరు నోరు జారితే మాకు కూడు. మీ సంఘం ఎప్పుడూ ఒకటే జవాబు పంపుతుంది, పేరు మారుస్తారు, అంతే. చదివీ చదివీ విసుగొచ్చింది.”

డాక్టరుకూ విసుగ్గానే ఉంది. ఇతగాడు మాట ఏరుకుని బతుకుతాడు, సంఘం వాళ్ళు మాట మింగించి బతుకుతారు. బేరం రెండువైపులా తన నాలుక మీదే.

లోపల ఆ భుజంనొప్పి వకీలే అడిగాడు. “మనం ఆలస్యం చేశామన్నారు. ఆ మనంలో ఎవరెవరున్నారు?”

కార్యదర్శి వెనక వరసలోంచి దగ్గాడు. టైలరమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ వేలొక్కటే ముందుకు పొడుచుకుని ఉంది.

“నేనొక్కణ్ణే,” అన్నాడు డాక్టరు. “ఆవిడ రెండుసార్లు వచ్చింది. నా తలుపు మూసి ఉంది.”

ఆపైన అన్నీ అనుకున్నట్టే జరిగాయి. పరిహారం ఇమ్మన్నారు, ఇచ్చాడు. సంఘం వాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు. బెంచీల మీద రోగులు పలచబడ్డారు. వచ్చినవాళ్ళతో ‘నేను’ అనడం అలవాటు చేసుకుంటుంటే మాట ముక్కుసూటిగా, కాస్త మొరటుగా వస్తోంది.

టైలరమ్మ మళ్ళీ ఆయన గడప తొక్కలేదు. ఆ పరిహారంతోనే ఇంకో డాక్టరు దగ్గర వేలు బాగుచేయించుకుంది. సగం వంగుతోందని, కత్తెర పట్టుకుంటోందని విన్నాడు.

పోయినవన్నీ పోగా లాభం కింద ఆయనకు మిగిలింది సగం వంగే ఆ వేలు. అదీ ఇంకొకరి చేతి చలవ.