కొండవ్వ జాకెట్ పీసులు

కొండవ్వ ఎవ్వలకు భయపడే మనిషి కాదు. సిద్దిపేట మార్కెట్ల ఆమె టమాటలు బేరం చేస్తే అమ్మేటోడే దండం పెట్టి ఇంకో నాలుగు ఎక్కువేస్తడు. అసొంటి కొండవ్వ రెండు నెలల సంది సొంత ఇంట్ల సప్పుడు కాకుండ నడుస్తుంది. ఎందుకంటే ముందటి గదిల కోడలు నవత గోడ దిక్కు మొఖం పెట్టి పండుకున్నది.

పదిహేనేండ్ల సంది నవత ఆ గదిలనే జాకెట్లు కుడుతది. ఆ గల్లీల ఆమె చెయ్యి పడని జాకెట్ లేదంటే నమ్మాలె. అయితే ఏమైందంటే, శ్రీనిధి అనే పిల్ల పెండ్లి జాకెట్ కుట్టనిచ్చిన్రు. పట్టుచీరెకెళ్లి కోసిన ముక్క, అంచున్నది. మామూలు గుడ్డయితే మడతపెట్టి రెండు చేతులూ ఒక్కపారే కత్తిరిస్తరు, కుడీ ఎడమా అవ్వే వస్తయి. అంచు కుదరాలని నవత ఒక్కొక్క చెయ్యి విడిగ కత్తిరించింది, రెండోసారి గుడ్డను తిప్పి పెట్టుడు మరిచింది. రెండూ కుడి చేతులే వచ్చినయి. ఇంకో జానెడు గుడ్డ లేదు. పిల్ల రెడీమేడ్ జాకెట్ తొడుక్కొని పీటల మీద కూసున్నది. పిల్ల తల్లి వచ్చి, కత్తెర పట్టరానిదానికి దుకాణమెందుకని గల్లీ అంత వినంగ అడిగిపోయింది. ఆ దినం నవత మిషన్ మీద ముసుగేసింది, తన మీద గూడ ఏసుకున్నది.

కొడుకు రమాకాంత్ పెండ్లాన్ని కొమురెల్లి తీస్కపోయిండు, దవాఖానకు తీస్కపోయిండు. దేవుడూ ఏమనలే, డాక్టరూ ఏమనలే. పడ్డోళ్లు చెడ్డోళ్లు కారు బిడ్డా అని మామ సిద్ధయ్య చెప్పీ చెప్పీ అలిసిపోయిండు. కొండవ్వ మొదటి వారం తిట్టింది, రెండో వారం బతిమాలింది, మూడో వారం సర్వపిండి చేసి పెట్టింది. నవత సర్వపిండి తిని మల్ల గోడ దిక్కు తిరిగింది. నలుగురి నోర్లు మూయించిన కొండవ్వకు, ఒక్క కోడలి నోరు తెరిపిచ్చుడు చాతనైతలేదు. గా బాధ ఆమెకు అన్నం తిననిస్తలేదు.

ఒకనాడు పొద్దుగాల మంచం కిందికెళ్లి ఇనుప పెట్టె గుంజింది. దాన్నిండ జాకెట్ పీసులు. మన ఆడోళ్లకు ఎరుకలేని ముచ్చటా ఇది? గృహప్రవేశమని ఒకరు, వ్రతమని ఒకరు బొట్టు పెట్టి ఇస్తరు. ఎవ్వలూ కుట్టించుకోరు, ఇంకొకరికి బొట్టు పెట్టి అంటగడ్తరు. ఒక పచ్చ పీసయితే దుబ్బాక దాక పోయి, ఎన్నిండ్లు తిరిగిందో ఏమో, నాలుగేండ్లకు మల్ల కొండవ్వ చేతికే వచ్చింది. నూనె మరక చూసి గుర్తుపట్టింది.

ఆ గుడ్డలన్ని కోడలి ముందర కుప్ప పోసింది.

"ఇవి ఎవ్వలియి కావు. దినాం ఒకటి చెడగొట్టు," అన్నది.

ఈ ముసలిది పోతే చాలనుకొని నవత ఒకటి కత్తిరించింది. చెడిపోయింది, ఏడ్సింది. తెల్లారి ఇంకోటి. పదోనాడు మెడ ఎంత పెద్దగ వచ్చిందంటే బర్రెకు గూడ పడుతది. అత్తాకోడండ్లిద్దరు కడుపుబ్బ నవ్విన్రు. ఇరవై దినాలకు చేతులు సక్కగ వస్తున్నయి, అంచు పీసులు గూడ కుదురుతున్నయి. ఇగ తోవలవడ్డదని కొండవ్వ సంబురపడ్డది. పక్కింటి సంధ్య గుడ్డ పట్టుకొని రానే వచ్చింది. నవత దాన్ని ముట్టుకోలే. ఎవ్వలియి కాని గుడ్డలు కాబట్టి చెయ్యి ఆడుతుంది, ఒకరిదంటే మల్ల రెండు కుడి చేతులే అయితయని చెప్పి పంపిచ్చేసింది.

కొండవ్వ లోపటికి పోయి కొద్దిసేపు మంచం మీద కూసున్నది. తర్వాత బీరువా తెరిచి నీలం రంగు అంచు గుడ్డ తీసింది. అన్న బుచ్చయ్య పుట్టిల్లు మిరుదొడ్డిల ఆఖరుసారి ఒడిబియ్యం పోసి పెట్టిన చీరెది. అన్న పోయి మూడేండ్లాయె. కుట్టిస్తే ఖరాబైతదేమోనని జాకెట్ కుట్టియ్యలే, జాకెట్ లేదని చీరె కట్టలే. కుడతనని నవత ఎన్నిసార్లడిగినా ఇయ్యలే. దాన్ని తెచ్చి కోడలి ఒడిల పెట్టింది.

నవతకు చూడంగనే గుర్తుకొచ్చింది. చెయ్యి వెనుకకు తీసుకున్నది. "ఇది వద్దత్తమ్మా. నీకు దండం పెడత."

"ఖరాబైతే ఖరాబైందే తొడుక్కుంట," అన్నది కొండవ్వ. "మా అన్న నన్ను కట్టుకొమ్మని ఇచ్చిండు, దాసిపెట్టి ఏడ్వుమని ఇయ్యలే. నాకు నీ కంటె గుడ్డ ఎక్కువనా బిడ్డా?"

నవత ఆ గుడ్డ అంచును ఒకసారి తడిమింది. తర్వాత లేచి, మొలకున్న టేపు తీసి అత్త భుజానికి పెట్టింది. కొలతలు రాసుకున్నది. ఒక చెయ్యి కత్తిరించింది. రెండోదానికి గుడ్డను తిప్పింది, పెట్టింది, అనుమానమొచ్చి తీసింది, మల్ల పెట్టింది. కొండవ్వ లోపల్లోపల కొమురెల్లి మల్లన్నకు బోనం మొక్కింది. కత్తెర ఆడింది. నవత రెండు ముక్కలు పక్కపక్కన పరిచింది. ఒకటి కుడి, ఒకటి ఎడమ.

కొండవ్వ ఆ రెండిటిని చూసుకుంట, ఈ పొద్దే కుట్టి ఇస్తవా అని అడిగింది.

నవత తల ఎత్తలే. మిషన్ మీద ముసుగు తీసుకుంట, "ఎల్లుండి రా," అన్నది.

దర్జీల ఎల్లుండి ఎప్పుడొస్తదో సిద్దిపేటల ఎవ్వలనడిగినా చెప్తరు. ఒక్క ఇంట్ల ఉండుకుంట సొంత అత్తను తొమ్మిది దినాలు తిప్పిచ్చుకున్నది నవత. ఆ తొమ్మిది దినాలు కొండవ్వ గల్లీల కనవడ్డోళ్లనందర్ని ఆపి చెప్పింది, మా కోడలికి అసలు తీరికనే లేదని.