పిడుగుకి నేను నేర్పిన పని

నేను వాచీలు బాగుచేస్తాను. ఇంట్లోనే, కిటికీ పక్కన బల్ల వేసుకుని. ముప్పై ఏళ్ళుగా కదలకుండా చేసే పని కావడంతో నాకు రెండు గుణాలు వచ్చాయి. ఒకటి పొట్ట. రెండోది, కూర్చున్న చోటి నుంచే లోకానికంతా సలహాలు చెప్పడం. మా ఆవిడ ఈ రెండోదాన్ని రోగం అంటుంది. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లూ పక్కబట్టలూ ఉతికే చోట పనిచేస్తుంది లెండి, రోగాల సంగతి డాక్టర్ల కంటే తనకే ఎక్కువ తెలుసని నమ్మకం.

మా చెల్లెలు నాకు పూర్తిగా వ్యతిరేకం. చిన్నప్పటి నుంచీ అది ఒకచోట కుదురుగా కూర్చుని ఎరగదు. ఊరికి రెండు గంటల దూరంలో ఉన్న గొర్రెల ఫారంలో కాపరి. మొగుడు వదిలేసి పోయాక అక్కడ చేరింది, పదకొండేళ్ళయింది. ఫారం వాళ్ళిచ్చిన గదే దాని ఇల్లు. రెండొందల గొర్రెలు, తను, ఒక కుక్క.

కుక్క పేరు పిడుగు. మందలు కాసే జాతి, నలుపూ తెలుపూ. రెండు నెలల కూనగా తెచ్చుకుని, మూడేళ్ళు దాని వెనకాల పడి నేర్పింది. ఈల ఒకలా వేస్తే మందని ఎడమ నుంచి చుట్టి వస్తుంది, ఇంకోలా వేస్తే ఎక్కడున్నది అక్కడే నేలకి కరుచుకుపోతుంది. ఆ కుక్క ఉండబట్టే ఇద్దరు మనుషుల పని మా చెల్లెలు ఒక్కతీ చేసేది. ఈ మాట నేనంటున్నది కాదు, ఫారం యజమానే పదిమందిలో అనేవాడు.

పోయిన చలికాలం గేటు దగ్గర పొట్టేలు ఒకటి మా చెల్లెల్ని కుమ్మింది. మోకాలికి ఆపరేషన్ అయింది, మూడు నెలలు పనిలోకి వెళ్ళొద్దన్నారు. యజమాని మంచివాడే, ఉద్యోగం ఎక్కడికీ పోదని చెప్పి, అంతవరకూ వేరే మనిషిని పెట్టుకున్నాడు. చిక్కల్లా పిడుగుతోనే. కొత్తవాడి అరుపులకి అలవాటు పడితే అది ఇద్దరి మాటా వినకుండా పోతుందని మా చెల్లెలి భయం. అందుకని నా దగ్గరికి పంపింది.

కుక్కతో పాటు ఒక కాగితం కూడా వచ్చింది. పొద్దున గంట, సాయంత్రం గంట బయట పరిగెత్తించాలి. ఇంట్లో ఉన్నప్పుడు బుర్రకి పని పెట్టాలి, వస్తువు దాచి వెతికించడం, చెప్పులు ఒక్కొక్కటీ తెప్పించడం లాంటివి. ఏ మాటైనా ఒక్కసారే చెప్పాలి, పదిసార్లు చెబితే పదోసారికే వినడం నేర్చుకుంటుంది. అన్నిటికంటే కింద రెండు గీతలు గీసి మరీ రాసింది: ఏ పని చేయించినా చివర "చాలు" అని చెప్పు, పని అయిపోయిందని తెలియకపోతే దానికి విశ్రాంతి ఉండదు.

ఒక కుక్కకి ఇంత తతంగమా అని నవ్వాను. ముప్పై ఏళ్ళుగా గోరంత పళ్ళచక్రాలని దారిలో పెడుతున్నవాణ్ణి, నాలుగు కాళ్ళ జంతువు నాకో లెక్కా అనుకున్నాను.

మొదటి వారం బుద్ధిగానే తిప్పాను. దాని పరుగుకి నా మోకాళ్ళు మొరపెట్టుకున్నాయి. ఇంటికొచ్చాక నేను మంచం మీద వాలితే అది అప్పుడే నిద్ర లేచినట్టు తయారయ్యేది. మా ఆవిడని మడమల దగ్గర ముట్టెతో తోస్తూ వంటగదిలోకి తోలేది, మళ్ళీ హాల్లోకి తోలేది. వాకిట్లో సైకిల్ పోతే కిటికీ ఎక్కేది. కాలుగాలిన పిల్లి అంటారు గానీ, ఆ మాట పుట్టించినవాడు ఈ జాతి కుక్కని చూసి ఉండడు. వాచీలోని స్క్రూ కిందపడితే వెతుక్కోవడానికి కూడా సందివ్వలేదు.

రెండో వారంలో ఒక పొద్దున వాచీ అద్దం తుడిచి, గీతలున్నాయేమోనని కిటికీ వైపు పట్టి చూశాను. ఎదుటి గోడ మీద రూపాయి బిళ్ళంత వెలుగు పడింది. పిడుగు ఠక్కున ఆగిపోయింది. తల దించి, ముందు కాళ్ళు వంచి, గొర్రెల ముందు నిలబడ్డట్టే దాని ముందు నిలబడింది. అద్దం కాస్త వంచాను. వెలుగు జారింది, అది ఎగిరింది. పదినిమిషాల్లో నాలుక బయటపెట్టి చతికిలబడింది. నేను స్టూలు మీంచి లేవనే లేదు.

ఆరోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. నిజం చెప్పాలంటే, మా చెల్లెలు మూడేళ్ళు ఎండలో వానలో తిరిగి సాధించింది నేను ఒక గాజుముక్కతో సాధించానన్న పొగరు కూడా ఉంది. ముందు సాయంత్రం నడక మానేశాను, తర్వాత పొద్దుటిది. చెల్లెలు ఫోన్ చేసి బాగా పరిగెడుతోందా అని అడిగితే, పరుగే పరుగు అన్నాను. అందులో అబద్ధమేముంది? గోడ మీదికే కదా పరుగు.

నెల తిరిగేసరికి అద్దం అక్కర్లేకుండా పోయింది. గరిటె మెరిసినా, వీధిలో కారు అద్దం తళుక్కుమన్నా గోడ మీదికి దూకేది. ఏ వెలుగూ లేనప్పుడు వెలుగు పడిన చోటునే చూస్తూ నిలబడేది. తిండి గిన్నె పక్కనే పెట్టినా తల తిప్పేది కాదు. మా ఆవిడ ఒకరోజు పనిలోంచి వచ్చి, అదలా నిలబడి ఉండటం చూసి, చీర అయినా మార్చుకోకుండా దాని పక్కన కూర్చుండిపోయింది.

"ఇది ఆట కాదండీ. దీనికేదో అయింది. మీ చెల్లెలికి చెప్పండి," అంది.

నీకు ప్రతిదీ రోగమేనని విసుక్కున్నాను. విసుక్కున్నాను గానీ, మర్నాటి నుంచి కిటికీకి పరదా వేసి, దీపం పెట్టుకుని పని చేశాను. మూడుసార్లు "చాలు" అని కూడా చెప్పి చూశాను. అది నా వంక చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగింది. నాకప్పుడు అర్థమైంది. గొర్రెలైతే దొడ్లోకి చేరతాయి, తలుపు పడుతుంది, పని అయిపోతుంది. వెలుగుని ఏ దొడ్లోకి తోలుతుంది పాపం? నేను దానికి చాలు అనడానికి వీల్లేని పని నేర్పాను. అర్థమయ్యాక కూడా చెల్లెలికి ఫోన్ చెయ్యలేదు. సొంత మైదానంలో పడితే అదే సర్దుకుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడు నెలలయ్యాక నేనే తీసుకెళ్ళాను. ముందురోజు వానపడి ఆరోజు ఎండ కాసింది. మా చెల్లెలు చేతికర్రతో గేటు దగ్గర నిలబడి ఉంది, పక్కనే యజమాని. మందని రోడ్డు దాటించి అవతలి పచ్చిక బీడులోకి చేర్చాలి. రెండు గేట్లూ తీశారు. చెల్లెలు ఈల వేసింది. పిడుగు బాణంలా వెళ్ళి ఎడమ నుంచి చుట్టింది, మంద మొత్తం ఒక్క ముద్దయి కదిలింది. చెల్లెలి మొహం విప్పారింది. నా గుండెల మీంచి బండ దిగినట్టయింది.

మంద రోడ్డు మీదికి వచ్చేసరికి పిడుగు ఆగిపోయింది. గుంటలో నిలిచిన నీళ్ళ మీద ఎండ తళతళలాడుతోంది. అది గొర్రెలకి వీపు తిప్పి ఆ నీళ్ళలోకి దూకింది. అందులోంచి ఇంకో గుంటకి, అందులోంచి ఇంకోదానికి. చెల్లెలు ఈల వేసింది. చాలు అంది. మళ్ళీ చాలు, చాలు అని అరుస్తూనే ఉంది. ఏ మాటైనా ఒక్కసారే చెప్పాలని రాసిన మనిషి. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. లారీ ఒకటి కీచుమని ఆగేలోపు మూడు గొర్రెలు చక్రాల కింద పడ్డాయి. మిగతావాటిని పోగుచేసేసరికి పొద్దుగుంకింది.

యజమాని కేకలెయ్యలేదు. కేకలేసినా బాగుండేది.

"అమ్మా, నీ పనికి వంక పెట్టను. కానీ నీ కాలు చూస్తే అలా ఉంది, కుక్క చూస్తే ఇలా ఉంది. నేనేం చెయ్యను చెప్పు?" అన్నాడు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నాడు.

చెల్లెలు గదిలో కింద కూర్చుని పిడుగు కాళ్ళు, చెవులు, కళ్ళు అన్నీ చూసింది. అది మాత్రం తలుపు సందులోంచి పడుతున్న వెలుతురుని చూస్తోంది.

"అన్నయ్యా, మీ ఇంట్లో దీనికేమైనా అయిందా? నిజం చెప్పు," అని అడిగింది.

"ఏమీ అవలేదు. అక్కడ బాగానే ఉంది," అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట.

చెల్లెలు తలూపింది. తప్పు తనదేనంది. మూడేళ్ళు ఒక్కరోజు కూడా విడవకుండా ఉండి, ఒక్కసారిగా వదిలేస్తే మూగజీవి బెంగపెట్టుకోదా అంది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

నెలాఖరుకి చెల్లెలికి కూరగాయలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పని దొరికింది. నిలబడి చేసే పని, ఆ మోకాలితో. గదికి ఆరుగురు, కుక్కల్ని రానివ్వరు. వెళుతూ వెళుతూ మా ఇంటికి వచ్చి పిడుగుని దించింది. పిడుగు నేరుగా వెళ్ళి గోడకి ఎదురుగా నిలబడింది.

"చూశావా, ఇక్కడ దీనికి అలవాటైపోయింది," అంది చెల్లెలు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది. "కన్నబిడ్డలా చూసుకున్నావు. నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేనన్నయ్యా."

మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేనే చెబుతానని నా మొహం వంక చూస్తూ నిలబడింది.

నేను చెల్లెల్ని, బస్సు ఎన్నింటికి అని అడిగాను.