చప్పట్లు కొట్టకండి

శనివారం పొద్దున్నుంచి మెషీనక్క ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. లోపలికి రమ్మన్నా వెళ్ళకుండా, గుమ్మంలోనే నిలబడి ఒకటే మాట చెప్పి పక్కింటికి వెళ్ళిపోతోంది.

"సాయంత్రం చర్చిలో మా ఆయన పాడుతున్నారు. మధ్యలో ఎవరూ చప్పట్లు కొట్టకండి. పాట అయిపోయాక నేను కొడతాను. నేను కొట్టాకే మీరు కొట్టండి."

రావద్దని మొహం మీద చెప్పలేక ఇలా డొంకతిరుగుడుగా చెబుతోందని కొందరు అనుకున్నారు. వాళ్ళనుకున్నదాంట్లో సగం నిజమే.

మెషీనక్క అన్న పేరు ఆమెకు కుట్టుపని వల్ల వచ్చింది, మాటల వేగం వల్ల నిలిచిపోయింది. ఆమె భర్త రాతి గోడలు కట్టే మేస్త్రి. ఏడాది కింద ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దాంతోపాటే మాటా పోయింది. మిగిలింది 'అదే' అన్న ఒక్క ముక్క. మంచినీళ్ళు కావాలన్నా అదే, కిటికీ వెయ్యమన్నా అదే, చూడ్డానికొచ్చినవాళ్ళు ఇంకా వెళ్ళరేమిటన్నా అదే. ఇంతకుముందు ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది కాబట్టి పెద్ద తేడా ఏముందని పక్కవాళ్ళు నవ్వారు. తేడా ఏమిటో ఆమెకే తెలుసు. మాట్లాడని మనిషి వేరు, మాట్లాడలేక చూసే మనిషి వేరు.

ఒకరోజు ఆమె కోటుకు అస్తరు కత్తిరిస్తుంటే వంటింట్లోంచి పాట వినిపించింది. ఆయనే. ఒక్క అక్షరం తడబడకుండా, పడుచుతనంలో రాతి గనిలో పాడిన పాట. అస్తరు అడ్డంగా తెగిపోయింది, అయినా ఆమె కత్తెర దించలేదు. మర్నాడు మాటలు నేర్పే మేడం దగ్గరికి పరిగెత్తింది. "కొంతమందికి మాట పోయినా పాట మిగులుతుందమ్మా," అంది మేడం. "దాన్ని కాపాడుకోండి. ఎవరినీ ఎగతాళి చెయ్యనివ్వకండి. సిగ్గుపడి ఒకసారి నోరు మూశారంటే మళ్ళీ తెరవకపోవచ్చు."

ఆ రోజు నుంచి మెషీనక్క ఆ పాటను పసిబిడ్డను కాచినట్టు కాచుకొస్తోంది. దానికి ఒక్కటే చిక్కు. మధ్యలో ఏ చప్పుడు అడ్డం వచ్చినా, తలుపు తట్టినా, కుక్కరు కూసినా, దారం తెగినట్టు తెగిపోతుంది. అక్కణ్ణుంచి ఆయన అందుకోలేడు. మళ్ళీ మొదటి లైనుకు వెళ్ళాల్సిందే.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి ఊరి ముందు నిలబెడతానన్నాడు ఆమె మరిది. ఆయన పగలు బస్సు నడుపుతాడు, తీరిక దొరికితే ఫిడేలు వాయిస్తాడు. నెలకోసారి చర్చిలో జరిగే జానపద కచేరీలు ఆయన పుణ్యమే. టిక్కెట్టు లేదు, తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. మెషీనక్క కడుపుమంట అక్కడే. టిక్కెట్టుంటే పాట కావాలనుకున్నవాళ్ళు వస్తారు. ఉచితమనేసరికి చలికి కాసేపు కూర్చుందామనుకున్నవాళ్ళూ, ఎదురింటావిడ ఏం కట్టుకొచ్చిందో చూద్దామనుకున్నవాళ్ళూ వస్తారు. పైగా ఆ చర్చిలో ఒకప్పుడు పెళ్ళిళ్ళకు కూడా చప్పట్లు కొట్టేవారు కాదు. మొదటి కచేరీ రోజున ఫాదరు గారు "దేవుడి చెవులు గట్టివేలెండి, కొట్టుకోండి" అన్నారు. అప్పట్నుంచి ఊరు చేతుల కట్లు విప్పినట్టు ప్రతి చరణానికీ ఒకసారి కొడుతోంది.

"వద్దు," అంది ఆమె మరిదితో. "నలుగురిలో ఆగిపోతే ఏం చేస్తావు? రేపు ఇంట్లో కూడా పాడకపోతే నాకెవరు దిక్కు?"

"నన్నెందుకు వదినా అడుగుతావు, అన్నయ్యనడుగు."

అడిగింది. "అదే," అన్నాడు మేస్త్రి. అని లేచి వెళ్ళి, ఎడమచేత్తో తంటాలు పడుతూ, మంచి బూట్లు బయటికి లాగాడు. ఈ 'అదే'ను తనకు కావలసినట్టు అర్థం చేసుకోవడం ఆమెకు కూడా సాధ్యపడలేదు.

ఇంట్లో వాళ్ళు సాధన చేస్తున్నన్నాళ్ళూ ఆమె ప్రాణం అరచేతిలోనే ఉంది. మేస్త్రి భోజనాల బల్ల దగ్గర కూర్చుని పాడేవాడు, మరిది ఎదురుగా ఫిడేలు పట్టుకునేవాడు. చరణం చివర మేస్త్రి ఎడమచేత్తో బల్ల మీద ఫెడీమని ఒక్కటి చరిచేవాడు. గ్లాసులు ఎగిరేవి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో గోడ కడుతూ పాడేటప్పుడు చేతిలో సుత్తి ఉండేది, దాని దెబ్బ పని చప్పుడనుకునేది ఆమె. ఇప్పుడీ చరుపు మాట రాని ఉక్రోషమనుకుంది. చెయ్యి నొప్పెడుతుందని బల్ల మీద మందపాటి దుప్పటి మడతపెట్టి వేసింది. ఆయన దాన్ని లాగి అవతల పారేశాడు. మళ్ళీ వేసింది. మళ్ళీ పారేశాడు. "మొండితనం మాత్రం పడిపోలేదు," అని దుప్పటి తీసేసింది.

శనివారం ఆమె తిరుగుడు చప్పట్ల బాబాయ్ ఇంటి దగ్గర ముగిసింది. ఊరంతా ఒక ఎత్తు, ఆయనొక్కడూ ఒక ఎత్తు. పాట ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా కొట్టేస్తాడు. కుర్రతనంలో ఆయనా గనిలో తాడు లాగినవాడే, అరచేతులు పలకల్లా ఉంటాయి.

"ఏం పాట పాడుతున్నాడమ్మా?"

"రాళ్ళు లాగేటప్పుడు పాడేది. మీకు తెలిసిందే."

"తెలియకపోవడమేంటి." ముసలాయన మొహం వెలిగింది. "అయితే మరి ఒక్క..."

"ఒక్కటి కూడా వద్దు బాబాయ్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. మెషీనక్క అవతలివాళ్ళ మాట పూర్తిగా వినే మనిషైతే ఈ కథ ఇక్కడే అయిపోయేది. ఆమె అప్పటికే గేటు దాటింది.

సాయంత్రం అందరికంటే ముందు చర్చికి చేరింది. సంచిలోంచి కుట్టుమెషీను నూనె డబ్బా తీసి తలుపు బందులకు వేసింది. గంట తాడు కొక్కేనికి కట్టించింది. ముందు వరుసలో కిర్రుమనే బెంచీ కింద కాగితం మడిచి పెట్టింది. ఫాదరు గారు కొవ్వొత్తులు వెలిగిస్తూ చూస్తూ ఉన్నారు.

"నేను దగ్గొచ్చా అమ్మా?" అన్నారు.

"పాటకు ముందు దగ్గేసుకోండి ఫాదర్."

జనం వచ్చారు. ఆమె లెక్క ప్రకారం రావలసినవాళ్ళకంటే ఎక్కువే వచ్చారు, గోడల వెంట కూడా నిలబడ్డారు. చప్పట్ల బాబాయ్ రెండో వరుసలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి, భయం లేదన్నట్టు తల ఊపాడు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. బెంచీ చివర, అవసరమైతే లేచి భర్తను తీసుకెళ్ళిపోవడానికి వీలుగా కూర్చుంది. ఇద్దరి కోట్లూ ఒళ్ళో పెట్టుకుంది.

మరిది రెండు పాటలు వాయించాక మేస్త్రి మెట్లెక్కి కుర్చీలో కూర్చున్నాడు. చేతులు లేని మామూలు చెక్క కుర్చీ. ముందు ఏమీ లేదు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. నిన్న రాత్రి ఆమే గుండీలు బిగించి కుట్టిన చొక్కా ఆయనకు కాస్త వదులుగా కనిపించింది. ఎందుకు ఒప్పుకున్నాను దేవుడా అనుకుంది.

ఫిడేలు మొదలైంది. మేస్త్రి గొంతెత్తాడు.

*కొండ దిగిన రాయమ్మా, కోపం నీకు ఎందుకమ్మా,*
*ఎండకెండి, వానకు తడిసి, ఎన్నాళ్ళిలా కూర్చుంటావమ్మా.*

ఏడాదిగా 'అదే' తప్ప వినని ఊరు బిగుసుకుపోయింది. ఎవరో ఏడుపు ఆపుకుంటున్నారు. ఎవరూ కొట్టలేదు. మెషీనక్క ఊపిరి వదలబోయింది.

మేస్త్రి ఎడమచెయ్యి పైకి లేచింది. లేచి, కిందికి వచ్చి, తొడ మీద పడింది. మందపాటి ప్యాంటు మీద అది దెబ్బలా వినిపించలేదు. ఆయన తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. నోరు తెరిచాడు. రెండో చరణం రాలేదు. ఫిడేలు కాసేపు ఒంటరిగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చింది.

*కొండ దిగిన రాయమ్మా...*

మళ్ళీ మొదటి లైను. మెషీనక్క చుట్టూ చూసింది. ఏ చప్పుడూ లేదే, ఎవరూ కదలలేదే, ఎక్కడ తెగింది? చరణం చివరికి వచ్చాడు. చెయ్యి మళ్ళీ లేచింది. తొడ మీద ఇంకా గట్టిగా పడింది. పాట మళ్ళీ ఆగిపోయింది. వెనక వరుసలో ఒక పిల్ల "అయిపోయిందా?" అని అడిగితే తల్లి దాని నోరు మూసింది. మేస్త్రి మొహం ఎర్రబడుతోంది. ఆ రంగు ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో తన పేరు చెప్పమన్నప్పుడు వచ్చిన రంగు అది. ఇక మూసేస్తాడు, ఈ నోరు ఇక మూసేస్తాడు అనుకుంటూ కోట్లు పట్టుకుని సగం లేచింది.

లేస్తుంటే చప్పట్ల బాబాయ్ కనిపించాడు. ముసలాయన చేతులు తొడల కిందినుంచి బయటికొచ్చేశాయి. రెండు అరచేతులూ ఎదురెదురుగా గాలిలో ఆగిపోయాయి. కొట్టడానికి లేదు, ఆమెకు మాట ఇచ్చాడు. ఆమె వైపు చూసే చూపులో ప్రాధేయపడటం తప్ప ఏమీ లేదు.

అప్పుడు ఆమెకు బల్ల గుర్తొచ్చింది. ఎగిరిన గ్లాసులు, అవతల పారేసిన దుప్పటి, అంతకుముందు ఎన్నో ఏళ్ళ సుత్తి. అది ఉక్రోషం కాదు. అది పాటలోదే. ఆ చరుపు పడితే అందరూ ఒక్కసారి తాడు లాగుతారు, రాయి కదులుతుంది. రాయి కదలకుండా తర్వాతి చరణం ఎలా వస్తుంది? పొద్దున్నుంచి ఇల్లిల్లూ తిరిగి, ఊళ్ళో ఉన్న చేతులన్నిటినీ తనే కట్టేసి వచ్చింది.

మేస్త్రి మూడోసారి ఎత్తుకున్నాడు. గొంతు సన్నబడిపోయింది. కోట్లు నేల మీద పడ్డాయి. నలుగురిలో నడవాలంటే కట్టుకున్న బట్ట సర్దుకోకుండా అడుగు వెయ్యని మనిషి, మెట్లెక్కి భర్త ఎడమపక్క నిలబడింది. తొందరలో ముందు ఎడమచెయ్యి చాచింది. సరిచేసుకుని కుడి అరచెయ్యి ఆయన ముందు పెట్టింది.

*...ఎన్నాళ్ళిలా కూర్చుంటావమ్మా.*

ఆయన ఆ అరచేతిని చూశాడు. ఆమె మొహం చూశాడు. చెయ్యెత్తి చరిచాడు.

రాతి గోడల మధ్య ఆ చప్పుడు పెద్దగా మోగింది. ఆమె చెయ్యి భుజం దాకా జివ్వుమంది. రెండో చరణం దానంతట అదే వచ్చింది.

*మెట్టుకొకరు, పట్టుకొకరు, మేమంతా నీ చుట్టాలమే,*
*గట్టు దిగి, గడప దాకా, కదిలి వస్తే చాలు తల్లీ.*

ప్రతి చరణానికీ ఆమె చెయ్యి చాచింది. భయం పోయిందని చెప్పలేను. ఎక్కడ ముందుగా చాచి తెంపేస్తానో, ఎక్కడ ఆలస్యం చేస్తానో అని ఆయన పెదవుల మీంచి చూపు తిప్పలేదు. అరచెయ్యి మండుతోంది. మండనీ అనుకుంది.

*గోడ ఎక్కి కూర్చున్నాక, గుర్తు పెట్టుకో మమ్మల్ని.*

ఆఖరి చరుపు పడింది. ఆ తర్వాత ఆయన ఆమె చెయ్యి వదల్లేదు, వేళ్ళు బిగించి పట్టుకున్నాడు.

చర్చి నిశ్శబ్దంగా ఉండిపోయింది. మెషీనక్క బెంచీల వైపు చూసింది. నచ్చలేదా? జాలిపడుతున్నారా? అందరి కళ్ళూ ఎందుకు తన మీదే ఉన్నాయి?

"అమ్మా," అన్నాడు చప్పట్ల బాబాయ్, గుసగుస అనుకుని గట్టిగానే. "ఇక కొట్టొచ్చా?"

నేను కొట్టాకే కొట్టండి అన్నది తనే. కొడదామంటే ఒక చెయ్యి ఆయన పిడికిట్లో ఉంది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తల మాత్రం ఊపగలిగింది.

చప్పట్లు విరుచుకుపడ్డాయి. ఫాదరు గారు ఇప్పటిదాకా ఆపుకున్న దగ్గంతా దగ్గారు. ఆ హోరులో ఆమె భర్త వైపు చూసింది, చూసి గతుక్కుమంది. ఆయన ఛాతీ నిండుతోంది. కనుబొమలు పైకి లేస్తున్నాయి. చప్పట్లు మెప్పుదల అని ఆయనకు ఎవరు చెప్పారు? ఆయన లెక్కలో అవి ఇంకో రాయి లాగమన్న పిలుపు.

*కొండ దిగిన రాయమ్మా...*

మళ్ళీ మొదటికి వచ్చాడు. పొద్దున్నుంచి ఆమె దేనికి భయపడిందో అదే జరిగింది. తలుపు వైపు కదిలినవాళ్ళు కోట్లు సగం తొడుక్కుని ఆగిపోయారు. ఎవరైనా నవ్వుతారేమోనని ఆమె వరుస వరుసా వెతికింది. ఎవరూ నవ్వలేదు. మరిది ఫిడేలును గబగబా గడ్డం కిందికి దోపుకుని పాటను అందుకున్నాడు.

చరణం చివరికి వస్తూ మేస్త్రి ఆమె చెయ్యి వదిలాడు. ఆమె అలవాటుగా అరచెయ్యి చాచింది. మేస్త్రి చెయ్యెత్తి, కొట్టకుండా, బెంచీల వైపు గడ్డం ఎగరేశాడు. గనిలో తాడు పట్టుకున్నవాళ్ళను చూసినట్టు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశాడు. ముందుగా చప్పట్ల బాబాయ్ చేతులెత్తాడు. తర్వాత ఫాదరు గారు, ఆ వెనక పిల్ల, ఆ పిల్ల తల్లి, గోడ వెంట నిలబడ్డవాళ్ళు. అందరూ ఆయన చెయ్యినే చూస్తూ ఆగారు.

ఆయన చెయ్యి ఆమె అరచేతి మీద పడింది. ఊరంతా ఆ ఒక్క దెబ్బే కొట్టింది. రెండో చరణం వెంటనే వచ్చింది.