ఆఖరి బండి కర్ర

కట్టుడు పళ్ళు చేసే పలువరస మాస్టారికి ఇంటినుంచి ల్యాబుకి స్కూటర్ మీద ముప్పైఆరు కిలోమీటర్లు. అందులో రెండు కిలోమీటర్ల రోడ్డుకి ఏడాదిగా పళ్ళు పీకుతూనే ఉన్నారు. కొత్తవి కట్టే ఊసే లేదు. తారు వేస్తామని వచ్చి బతుకులు తారుమారు చేశారని ఆయన జోకు వేసేవాడు. ఇప్పుడు వేయడం లేదు.

అక్కడ సగం రోడ్డే తెరిచి ఉంటుంది. కాసేపు ఇటువాళ్ళు, కాసేపు అటువాళ్ళు వెళ్ళాలి. ఈ కొసన జెండా పట్టేది అన్న, ఆ కొసన తమ్ముడు. మలుపు అడ్డం కాబట్టి ఒకరికొకరు కనబడరు. అందుకని ఇటునుంచి వదిలిన బండ్లలో ఆఖరిదాన్ని ఆపి అన్న ఒక ఎర్ర కర్ర ఇస్తాడు.

"మీరే ఆఖరు సార్. మావాడి చేతికివ్వండి."

కర్ర అందితే దారి ఖాళీ అయినట్టు. తమ్ముడు అటువైపు బండ్లను వదులుతాడు. కర్రపెత్తనం అంటే అదీ!

ఆ రోజు జోరువాన. కర్ర మాస్టారికి వచ్చింది. ఒక ఉపన్యాసకుడి పైవరస పళ్ళు పదింటికల్లా ఇవ్వాలన్న తొందరలో దాన్ని సంచిలోకి తోశాడు. ఆ కొసన తమ్ముడు నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి ఉన్నాడు. మాస్టారు ఆగకుండా దూసుకుపోయాడు.

సాయంత్రం సంచి తెరిస్తే మైనం ముక్కల మధ్య ఎర్ర కర్ర! కొసన పంటిగాట్లు. ఊరికే నిలబడ్డప్పుడల్లా తమ్ముడికి దాన్ని కొరికే అలవాటు. ఎడమ కోరపన్ను వంకర అని మాస్టారు గాటు చూసే చెప్పగలడు.

తిరుగుదారిలో టీకొట్టాయన చెప్పాడు. "ఆ జెండా తమ్ముడికి ఎంతకీ కర్ర రాలేదట. ఆఖరి బండి గుంతలో పడిందేమోనని వెతుక్కుంటూ లోపలికి నడిచాడట. వెనక్కొచ్చే టిప్పర్ వానలో కనబడలేదట. ప్రాణం అక్కడే పోయింది పాపం."

నాలుగో రోజుకే అన్న మళ్ళీ జెండా పట్టాడు. "ఆ రోజు కర్ర ఎవరి దగ్గరుందో చెబితే చాలు, ఏమీ అనను" అని వచ్చేపోయేవాళ్ళందరినీ అడుగుతున్నాడు. ఊరందరి నోళ్ళు బాగుచేసే మాస్టారికి తన నోరు పెగల్లేదు.

అప్పటినుంచి రోజూ ఆయనే ఆఖరు. పెందలాడే బయల్దేరినా, వరసలో ముందుకు జొరబడినా, సరిగ్గా వెనక బండి ఇంజను ఆగిపోతుంది, జెండా పడుతుంది. ముందుపడ్డా వెనకబడ్డట్టే.

కొత్త కర్ర ఇస్తూ అన్న ఆయన భుజం మీదుగా వెనక సీటు కేసి చూసేవాడు. "డబుల్సా సార్? మెల్లగా పోండి."

మాస్టారు వెనక్కి తిరిగేవాడు కాదు.

మెకానిక్ స్ప్రింగులు నొక్కి చూశాడు. "వెనక ఏం మోస్తున్నారు సార్?"

"పళ్ళ సంచి."

"ఏనుగు దంతాలా?"

ఇంటి దగ్గర భార్య. "ఏమండీ, వెనక సీటు రోజూ తడిగా ఉంటోందేం? వాన పడి పదిరోజులైంది."

"మంచు."

"ముందు సీటుకి పట్టని మంచా?"

"రోడ్డు తవ్వింది చాలక నువ్వు నన్ను తవ్వకే!"

పదిహేడో రోజు మళ్ళీ ఆయనే ఆఖరు. అన్న కర్ర చాచాడు. మాస్టారు అందుకోలేదు. సంచిలోంచి పాతది తీసి ఇచ్చాడు.

"ఆ రోజుది. ఇవ్వడం మరిచిపోయాను. ఆ తర్వాత మరవలేకపోయాను."

అన్న దాన్ని ఎత్తుతాడేమోనని మాస్టారు తల వంచాడు. అన్న ఎత్తలేదు. బొటనవేలితో పంటిగాట్లు తడిమాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత వెనక సీటు వైపు చూస్తూ, మెత్తగా అన్నాడు.

"ఇంక దిగరా."

స్కూటర్ స్ప్రింగులు కిర్రుమని పైకి లేచాయి. తడి గాలి ఒకటి మాస్టారి మెడను రాసుకుంటూ దిగిపోయింది.

వెనకాల ఎవరో హారన్ కొట్టారు.

"పోండి సార్," అన్నాడు అన్న, కళ్ళు తుడుచుకోకుండానే. "ఇవాళ ఆఖరు మీరు కాదు."